కోళ్ళగూట్లో నేను

ఖరగ్‌పూర్‌లో మాది ట్రాఫిక్ కాలనీ. మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. కిందటి ఎండాకాలం ఖరిదా బజారులో పాత చెక్కలు కొనుక్కొచ్చి, ఒక్క ఆదివారంలో పెరట్లో కోళ్ళగూడు కట్టేసినారు. చెక్కలన్నీ వంకరటింకరే. మేకులు కొట్టాల్సిన చోటల్లా మాత్రం నట్లూ బోల్టులూ! తలుపు మూస్తే బయట గడియ దానంతటదే పడిపోతాది.

"ఇది కోళ్ళగూడేటండీ, బోగీయా?" అని నవ్వినాను.

"ఏదైనా ఒకసారి బిగిస్తే కదలకూడదే!" అన్నారు.

వారం తిరక్కుండానే ఓ సాయంత్రం కాల్‌బైశాఖి గాలివాన ముంచుకొచ్చింది. ఆయన డ్యూటీలో ఉన్నారు. గుడ్లు తీసేద్దామని వంగి గూట్లోకి దూరినాను. గాలికి తలుపు ధబీమని మూసుకుని గడియ పడిపోయింది. అరిచినాను. గూటి కప్పు రేకు మీద వాన మోతకి నా గొంతు నాకే వినపడలేదు. చెక్కల్ని కాళ్ళతో తన్నినాను. ఒక్కటీ కదల్లేదు. ఆయన్నీ, ఆయన బోల్టుల్నీ నోటికొచ్చినట్టు తిట్టినాను.

అప్పుడే పెరట్లోని మామిడిచెట్టు కొమ్మ ఫెళ్ళున విరిగి గూటి మీద పడింది. రేకు నా నెత్తిదాకా వంగింది. కోళ్ళు నా ఒళ్ళోకి దూరిపోయినాయి. చెక్కలు కిర్రుమన్నాయి గానీ, ఒక్కటీ ఊడలేదు.

వాన తగ్గాక పక్కింటి బెంగాలీ దీదీ "బౌదీ, ఓ వదినా, ఎక్కడున్నావ్?" అని వెతుక్కుంటూ వచ్చి గడియ తీసింది.

మర్నాడు ఆయన, లోపల్నుంచి కూడా గడియ తీసేలా ఓ పిడి బిగించినారు. "కోళ్ళు తలుపు తీసుకుంటాయేటి?" అని చూసినోళ్ళంతా నవ్వుతారు. నవ్వనీండి. మొదట నవ్వినదాన్ని నేనే. ఆ పిడి బిగిస్తుంటే పక్కనే కూర్చుని పానా అందిస్తూ, "ఇంకో చుట్టు తిప్పండి" అన్నదాన్నీ నేనే.