చిక్కుడుకాయ పెట్టని ఇల్లు

మా కుర్రతనంలో డిసెంబరు ముప్పై ఒకటిన ఎవరూ ఎవరినీ క్షమాపణ అడిగేవారు కాదు. తప్పు చేసినవాడు చేసినట్టే ఉండేవాడు, గుర్తుపెట్టుకున్నవాడు గుర్తుపెట్టుకున్నట్టే ఉండేవాడు, ఎవరి గౌరవం వారికి దక్కేది. ఇప్పుడు పొద్దున లేచేసరికి ఫోనులో నలభై సందేశాలు. 'ఈ ఏడాది తెలిసో తెలియకో మిమ్మల్ని బాధపెట్టి ఉంటే మన్నించండి' అని, కింద జోడించిన రెండు చేతుల బొమ్మ. తెలియక ఏమిటి? మా బావమరిది తన గృహప్రవేశంలో నన్ను మూడో పంక్తి దాకా నిలబెట్టింది తెలిసే. పైగా ఇదే సందేశాన్ని ఆయన తన పాలవాడికి కూడా పంపాడు (పాలవాడే నాకు చూపించాడు). ఇలాంటి చేతుల బొమ్మలతో కరిగిపోయే మనిషిని కాను నేను. ఏడాది చివరి రోజున అందరూ తాము ఏం సాధించామా అని వెనక్కి తిరిగి చూసుకుంటారు. నేను నన్నెవరు ఏమన్నారో చూసుకుంటాను. దానికి ఏటా ఒక నోటుబుక్కు ఉంటుంది. అన్నీ బీరువాలో వరసగా ఉన్నాయి. ఇన్ని బుక్కుల్లోనూ కొట్టివేత ఉన్నది ఒక్క పేజీలోనే. ఆ కొట్టివేత గురించే చెబుతున్నాను.

పదిహేడేళ్ల కిందటి మాట. నాకప్పుడు ఇరవై నాలుగు. సారపాక దాటాక ఇంకా లోపలికి, బస్సు రోజుకు రెండుసార్లు మాత్రమే వచ్చే ఒక గూడెం పక్కన జామాయిల్ మొక్కలు పెంచే నర్సరీలో సూపర్‌వైజర్‌గా కుదిరాను. మాది బోనకల్ దగ్గర. నాలుగెకరాల మాగాణి, ఇంటి ముందు ట్రాక్టరు ఉన్న కుటుంబం నుంచి వచ్చినవాణ్ని కాబట్టి అక్కడ నన్ను తగిన విధంగా చూస్తారనుకున్నాను. నర్సరీ యజమాని తరఫున వారానికోసారి వచ్చే పొడుగు సారు ఏడాది పొడవునా నన్ను నాకంటే ముందు పనిచేసి పారిపోయినవాడి పేరుతోనే పిలిచాడు. ఆ పాతవాడు మందు ఎక్కువ కొట్టి మొక్కలన్నీ మాడ్చేశాడట. ఆ తిట్లు కూడా అతని పేరు మీదే నాకు అందేవి. 'సార్, నా పేరు అది కాదు' అని మూడుసార్లు చెప్పాను. మూడోసారి ఆయన 'పేరుదేముందయ్యా, పని చూడు' అన్నాడు. తేదీతో సహా రాసుకున్నాను.

ఆ చోట నన్ను మనిషిగా చూసిన ఇల్లు ఒక్కటే, పెద్దవ్వ ఇల్లు. గూడెం మొదట్లోనే ఉండేది. నేను ఇంటి నుంచి బియ్యం బస్తా తెచ్చి ఆమె గదిలో పెట్టేవాణ్ని, ఆమె తన వాళ్లతో పాటు నాకూ వండేది. గూడెంలో వేరే హోటలు గానీ, వేరే పొయ్యి గానీ నాకు లేవు. నర్సరీ వాచర్ ఆమె మరిది, నేను వాచర్ మామా అనేవాణ్ని. అవ్వ మాట తక్కువ మనిషి. తిట్టినా రెండు ముక్కలే, పెట్టినా రెండు ముక్కలే. అయినా మధ్యాహ్నం నేను పది నిమిషాలు ఆలస్యమైతే వాకిట్లోకి వచ్చి నర్సరీ వైపు చూస్తూ నిలబడేది. (అది కూడా నేను మొదట్లో తప్పుగా అర్థం చేసుకుని, నా మీద నిఘా పెట్టిందని రాసుకున్నాను.)

ఆ డిసెంబరులో వరి కోతలకు ఇంటికి వెళ్లి పది రోజులుండి, ఒక శుక్రవారం తిరిగొచ్చాను. గూడెమంతా చిక్కుడుకాయ వాసన. ఏ ఇంటి పొయ్యి మీద చూసినా చిక్కుడుకాయ కూరే. అవ్వ ఇంటి పందిరి మీద తీగ కాయల బరువుకు వంగిపోయి ఉంది. నోరూరించుకుంటూ కూర్చున్నాను. అవ్వ అన్నం పెట్టి చింతపండు చారు పోసింది. పక్కన ఒక ఎండుచేప. శనివారం చారు. ఆదివారం చారు. సోమవారం నేనే సిగ్గు విడిచి, పందిరి వైపు చూస్తూ 'కాయలు బాగా కాసినట్టున్నయే అవ్వా' అన్నాను. 'అవ్, కాసినయ్' అంది. చారు పోసింది. మంగళవారం పక్కింటావిడ గిన్నెడు కూర తెచ్చి అరుగు మీద పెడితే, అవ్వ దాన్ని నా కళ్ల ముందే తిప్పి పంపించేసింది. ఊరంతా తింటుంటే, ఇంటి మీద కాయలు వేలాడుతుంటే, పక్కింటివాళ్లు తెచ్చి ఇస్తుంటే, నాకు మాత్రం పెట్టకూడదని ఈ ముసలావిడ కంకణం కట్టుకుంది. ఆ ఏడాది ఫిర్యాదులు ముప్పై ఎనిమిది. పొడుగు సారుని కిందికి దించి దీన్ని మొదటి స్థానంలో రాశాను.

బుధవారం, డిసెంబరు ముప్పై ఒకటి. పొద్దున్నే నోటుబుక్కు చంకలో పెట్టుకుని వెళ్లాను. అవ్వ వాకిట్లో ఎండకు కూర్చుని చీపురు కడుతోంది. నేను నిలబడే చదివాను. ఆమె ఇంటికి సంబంధించినవే చదివాను, న్యాయంగా. ఫిబ్రవరిలో అంచు విరిగిన గ్లాసులో టీ ఇచ్చుట. వానాకాలంలో నా చెప్పులు కుక్క ఎత్తుకుపోతుంటే చూసి నవ్వుట. మార్చిలో నన్ను 'బక్కోడు' అని పక్కింటావిడతో అనుట. చివరగా గొంతు పెంచి, 'చిక్కుడుకాయలు ఇంటి నిండా ఉంచుకుని ఐదు రోజులుగా నాకు చారు పోయుట' అని ముగించాను. 'దీనికి నువ్వేం చెప్తావో చెప్పు. ఇవ్వాళతో ఏడాది అయిపోతుంది' అన్నాను.

చీపురు కట్టడం ఆపి నన్ను చూసింది. 'అయిపోయిందా, ఇంకేమన్న ఉన్నదా?'

'ఇంతే.'

'అవ్, పెట్టలె' అంది. లేచి లోపలికి వెళ్లింది. క్షమాపణ చెప్పడానికి నీళ్లు తాగి వస్తుందనుకున్నాను. నా బియ్యం బస్తా ఈడ్చుకుంటూ వచ్చి గుమ్మం బయట పెట్టింది. 'తీస్కపో బిడ్డా. రేపు మా ఇంట్ల కొత్తలు. లొల్లి, పంచాది ఉన్న ఇంట్ల కొత్త తినొద్దు.'

కొత్తలంటే ఏమిటో నాకు అప్పటికి సరిగ్గా తెలియదు. తెలియదని ఒప్పుకునే అలవాటు అంతకన్నా లేదు. బస్తాలో సగం పైనే బియ్యం ఉన్నాయి. దాన్ని భుజానికెత్తుకుని గూడెం మధ్య నుంచి, అందరూ చూస్తుండగా, తల ఎత్తుకునే నడిచాను (బస్తా వల్ల తల ఒక పక్కకే ఎత్తడం కుదిరింది). నర్సరీ షెడ్డులో దాన్ని పడేసి దాని మీదే కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, వండుకోవడానికి నాకు గిన్నె కూడా లేదని.

'ఓ సారు, బియ్యం యాడికి మోస్తున్నవ్? దుకాణం పెడ్తవా ఏంది?' అంటూ వాచర్ మామ వచ్చాడు. జరిగిందంతా చెప్పాను, బుక్కు చూపించాను. ఆయన చదువుకోలేదు గానీ బుక్కుని అటూ ఇటూ తిప్పి చూసి, తలపాగా తీసి నేల మీద కొట్టి నవ్వాడు.

'చిక్కుడు కొత్తలు చెయ్యంది, అంటే కొత్త కాయ ముందు మా పెద్దలకు పెట్టంది, మేం ఒక్క కాయ ముట్టం సారూ. ఊరంత పోయిన వారమే చేసుకున్నరు. మా వదిన మాత్రం చెయ్యనన్నది. మా ఇంట్ల తినేటోడు ఒకడు ఊరికి పోయిండు, వాడు రానిదే కొత్త ఎట్ల తింటం అన్నది. మా పిల్లలు ఏడ్చినా కాయ తెంపనియ్యలె. పక్కింటి కూర సుత వాపస్ పంపింది.'

'శుక్రవారమే వచ్చాను కదా!'

'మా ఇంటికి బేస్తవారమే కలిసొస్తది. రేపే బేస్తవారం.'

'ఈ మాట ఐదు రోజుల ముందు నాకు చెప్పొచ్చు కదా మామా!'

'నువ్వు అడిగినవా? రాసుకుంటివి గని.'

మీరు నమ్మరు, ఆ క్షణంలో కూడా నాకు సిగ్గు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఎంతో కష్టపడి, వరస కుదిర్చి, మొదటి స్థానంలో నిలబెట్టిన ఫిర్యాదును ఒక్క ముక్కలో ఊడబెరికేశాడు. ఆ బస్తా మీద మధ్యాహ్నం దాకా ఆకలితో కూర్చున్నాను. నాకోసం పిల్లల్ని ఏడిపించి మరీ ఆగిన ఇంట్లో, ఇక నాకు విస్తరి లేదు. రేపు కొత్త తింటారు, నేను లేకుండా తింటారు. ఆగింది ఎవరికోసమో వాడు తప్ప అందరూ తింటారు. ఆ ఊహే భరించలేక లేచి బస్తాని మళ్లీ భుజానికెత్తాను.

క్షమించమనడం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. గుమ్మం ముందు నిలబడి, 'అవ్వా, షెడ్డులో ఎలుకలున్నయ్. బియ్యం ఇక్కడే ఉంటే మంచిది' అన్నాను.

అవ్వ నన్నూ బస్తానూ చూసింది. 'దించు. నడుము ఇరుగుద్ది' అంది. గడపలో కాలు పెట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. 'ఆ బుక్కు లోపలికి రావొద్దు.'

బుక్కు ఆ సాయంత్రం నుంచి బయట కోళ్ల గంప మీద ఉంది. తెల్లవారి చూస్తే మొదటి ఫిర్యాదు పక్కనే కోడి తన అభిప్రాయం వదిలి ఉంది. ఆ మరక ఇప్పటికీ పోలేదు.

గురువారం వాచర్ మామ గడ్డం గీసుకుని వచ్చి, కొత్త చిక్కుళ్లు ఉడికించిన అన్నం ముందు ఆకుల్లో తమ పెద్దలకు పెట్టాడు. తర్వాత అందరం వరసగా కూర్చున్నాం. పది రోజులకు పైగా తీగ మీదే ఆగిన కాయలు. తోలు ముదిరి, గింజలు గట్టిపడి, నార పళ్ల మధ్య ఇరుక్కుంటోంది. నేను తల వంచుకుని నములుతున్నాను. అవ్వ రెండో గరిటె వేస్తూ, మొహంలో నవ్వు కనిపించనీయకుండా అంది:

'ముదిరినయ్ బిడ్డా. రాసుకో.'

ఇంట్లో అందరూ నవ్వారు. పొడుగు సారు అలా నవ్వి ఉంటే ఒక పేజీ రాసేవాణ్ని. ఆ మధ్యాహ్నం నేను రాయలేదు. బుక్కు తీసి మొదటి ఫిర్యాదును అడ్డంగా కొట్టేశాను, అంతే. (మిగతా ముప్పై ఏడూ అలాగే ఉంచాను. విరిగిన గ్లాసు విరిగిన గ్లాసే.)

మరుసటి ఏడు నర్సరీ ఎత్తేశారు, నేను బోనకల్ వచ్చేశాను. వస్తానని చెప్పి మళ్లీ వెళ్లలేదు. అవ్వ పోయిన సంగతి రెండేళ్లకు తెలిసింది. ఆ ఏటి బుక్కులో మొదటి ఫిర్యాదు నా మీద నేనే రాసుకున్నది. దాన్ని కొట్టేసేవాళ్లు ఎవరూ లేరు.

ఇవాళ మళ్లీ ముప్పై ఒకటి. బుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి అరుస్తోంది: 'బజార్లోకి చిక్కుడుకాయలు వచ్చి నెలన్నర. ఊరంతా తిని విసుగొచ్చి మానేశారు. మనింట్లో ఇంకా మొదలే కాలేదు. తెచ్చినవన్నీ ఫ్రిజ్‌లో ముదిరిపోతున్నయ్, మీ చాదస్తం తగలెయ్య!' మా అమ్మాయి ఖమ్మంలో కోచింగ్ కాలేజీ హాస్టల్లో ఉంది. ఈ రోజు వస్తానని చెప్పింది. ఇందాకే ఫోన్ చేసి, 'నాన్నా, ఫ్రెండ్స్ ఆగమంటున్నారు, రేపొస్తా, మీరు తినేయండి' అంది. మీరు తినేయండట! ఎంత తేలిగ్గా అనేసింది! కోపంతో పెన్ను తీశాను. బియ్యం బస్తా మోస్తూ తల పక్కకు ఎత్తుకుని నడిచిన ఆ బక్కవాడు ఎందుకో గుర్తొచ్చి, కోపంలోనే నవ్వు కూడా వచ్చింది. మొదటి ఫిర్యాదుగా మా అమ్మాయి పేరు రాశాను, పెన్సిల్‌తో.

'ఇవ్వాళైనా వండమంటారా, వద్దా?' అంటోంది మా ఆవిడ.

వద్దన్నాను. రేపు గురువారం.