ర్యాంకుల పట్టికలో లేని గడి

కరోనా తర్వాత బడులు తెరిచిన రెండో ఏడు, దసరా సెలవులు అయ్యాక, మా సర్వే కంపెనీ నన్ను జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతాలకు ఫీల్డ్ సూపర్‌వైజరుగా వేసింది. హైస్కూళ్ళకు ర్యాంకులివ్వడం మా పని. ఎలా ఇచ్చేవాళ్ళమో చెబుతాను, నమ్మడం మీ ఇష్టం.

మార్కులు మూడు చోట్ల నుంచి వస్తాయి. మొదటిది వసతులు. ఈతకొలను ఉందా అన్నదానికి ఫారంలో గడి ఉంది, అందులో నీళ్ళున్నాయా అన్నదానికి లేదు. ఒక బడి లైబ్రరీలో పుస్తకం లాగితే వరసంతా ఒకే చెక్కగా ఊడి చేతికొచ్చింది. ఏదో సినిమా సెట్టుది. నిబంధన ప్రకారం అదీ లైబ్రరీయే. రెండోది పేరుప్రతిష్ఠ. ఒక బడి ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసి, ఆయన ఎన్నడూ గడప తొక్కని బడులకు మార్కులు వేయమంటాం. ఎప్పుడో మూతబడిన బడికి కూడా మంచి మార్కులొచ్చాయి. ఫిర్యాదు చేసేవాళ్ళెవరూ మిగల్లేదు మరి.

అసలు దగా మూడోదాంట్లో ఉంది. పదో తరగతి ఉత్తీర్ణత శాతాన్ని ఆ బడి తరఫున పరీక్ష రాసినవాళ్ళ మీదే కడతారు. తప్పుతారనుకున్న పిల్లల చేతిలో ముందే టీసీ పెట్టి, ప్రైవేటుగా రాసుకోమంటే చాలు. లెక్కలోంచి వాళ్ళు మాయం, బడికి నూటికి నూరు.

మా కారు డ్రైవర్ మల్లేశ్‌ది రహమత్ నగర్. ఆ రోజు చూడాల్సిన బడి ముందు బండి ఆపి, స్టీరింగ్ వదలకుండా కూర్చున్నాడు.

"మా బిడ్డ శ్రావణి గీ బళ్ళెనే పదో తరగతి సార్. లెక్కల్ల జర వీకు. టీసీ తీస్కపొమ్మంటున్రు. రేపు సంతకం పెట్టాల్నంట. ఇంట్ల కూసుండి ఏం చదువుతది సార్?"

నాకు ఒళ్ళు మండింది. పరీక్ష రాసేవాళ్ళ జాబితా, అదే నామినల్ రోల్స్, బోర్డుకు ఇంకా వెళ్ళలేదు. లోపలికి పోయి, ప్రిన్సిపాల్ గారు పెట్టిన జీడిపప్పు నములుతూ చెప్పాను.

"ఈసారి కొత్త గడి వచ్చిందండీ. తొమ్మిదిలో ఉండి పదిలో మాయమైన పిల్లలకు తలకింత చొప్పున మైనస్."

అలాంటి గడి ఏ ఫారంలోనూ లేదు.

"అదేంటండీ బాబూ, ముందే చెప్పాలి కదా!"

"చెబితే సర్దేస్తారని పైవాళ్ళు వద్దన్నారండీ."

"మరీ లెక్కలు రానివాళ్ళకు కూడానా?"

"వాళ్ళకు డబుల్ అండీ."

నా జీవితంలో ఇంత తేలిగ్గా చెల్లిన అబద్ధం ఇంకోటి లేదు. ఫారం చూపించమని కూడా అడగలేదాయన. అక్కడికక్కడే క్లర్కును కేకేసి, "ఆ టీసీలు ఆపవయ్యా! అందర్నీ మన బడి నుంచే పంపు" అన్నారు.

బయటికొచ్చి చెబితే మల్లేశ్ నమ్మలేదు. "మల్ల మాట మారుస్తరేమో సార్?"

నామినల్ రోల్స్ పోయేదాకా మార్చరనీ, పోయాక మార్చలేరనీ చెప్పాను.

శ్రావణి ఆ బడి నుంచే పరీక్ష రాసింది. లెక్కలు తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కింది. బడికి వంద శాతం పోయి ర్యాంకు దిగజారింది. నా మైనస్ గడి ఏమైందని ప్రిన్సిపాల్ గారు ఫోన్‌లో నిలదీశారు. పైవాళ్ళు ఎత్తేశారన్నాను.

ఆ బడి ఉన్న పిల్లలందరి లెక్కా చెప్పింది ఆ ఒక్క ఏడే. మా పట్టిక దాన్ని శిక్షించిందీ ఆ ఏడే. అందుకే ర్యాంకు చూపించే బడిని నేను రెండే అంకెలు అడగమంటాను: నిరుడు తొమ్మిదిలో ఎంతమంది, ఈ ఏడు వాళ్ళలో ఎంతమందిని పరీక్షకు పంపారు. ఆ రెండూ చెప్పలేని బడి ర్యాంకును లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.