గల్లాపెట్టె పక్కన గాజు సీసా

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని మా ఊళ్ళో ఎవరికి పెద్ద జబ్బు చేసినా నా కొట్లో గల్లాపెట్టె పక్కన ఒక గాజు సీసా వెలుస్తుంది. దానిమీద రోగి ఫోటో. వచ్చినవాళ్ళు వైద్యం ఖర్చుకి తోచింది వేసిపోతారు. ఆదివారం చర్చి హాల్లో చందా విందు. ఆ విందులు నడిపించేది వెర్లిన్ స్ట్రౌడ్. మొక్కజొన్న రైతు, ప్రభుత్వం పేరెత్తితే ఒంటికాలిమీద లేచే మనిషి.

అలాంటివాడు డెన్మార్క్ పంతులమ్మ బిర్గిటెని చేసుకున్నాడు. రాజకీయాలమీద పోట్లాడుకుంటూనే హాయిగా కాపురం చేశారు. ఆమెకు రొమ్ములో గడ్డ వచ్చినప్పుడు వెర్లినే ఆమె నవ్వుతున్న ఫోటో ఏరి తెచ్చి సీసాకు అంటించాడు. అతనితో కలిసి పాలకోసం వచ్చిన బిర్గిటె అది చూసింది.

“నన్ను అడుక్కునేదాన్ని చేశావా?”

“అడుక్కోవడమేంటే? మనవాళ్ళు ప్రేమతో ఇస్తుంటే!”

“మా దేశంలో వైద్యానికి ఎవరి దయా అక్కర్లేదు. అది హక్కు.”

“మీ దేశంలో సూపు కాచి తెచ్చేదెవరు? ఆఫీసువాళ్ళా?”

ఆ నెలలోనే ఆమె డెన్మార్క్‌లో ఉన్న అక్క దగ్గరకి వెళ్ళిపోయింది. నయమైంది గానీ తిరిగి రాలేదు. వెర్లిన్ రమ్మననూ లేదు. రమ్మంటే ఓడినట్టట, మొండిఘటం! కానీ నా కొట్టుకొచ్చినప్పుడల్లా ఆమె తాగే కాఫీపొడి అరలో ఉందో లేదో చూసుకునేవాడు. కొనడు. చూసి వెళ్ళిపోతాడంతే.

కిందటి కోతలప్పుడు నిచ్చెన మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మర్నాడే సీసా పెట్టాం. చంకకర్రలతో మొదటిసారి కొట్లోకి వచ్చిన రోజున స్కూలు బస్సు నడిపే డోయల్ అతని ఎదుటే సీసాలో నోటు వేసి, “తొందరగా లేవాలి అన్నా,” అన్నాడు. వెర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి. డోయల్ వెళ్ళాక సీసాను గోడవైపు తిప్పేసి, నా ఫోన్ అడిగి తీసుకున్నాడు. అతనికి చెవుడని స్పీకర్ పెట్టిచ్చాను. అవతలి మాటలు నాకూ వినిపించాయి.

“బిర్గిటె, పడి తుంటి విరగ్గొట్టుకున్నా. ఇప్పుడు సీసామీద నేనున్నాను. ఇలా ఉంటుందని తెలీదే. నీ ఫోటో పెట్టకుండా ఉండాల్సింది.”

ఆమె, “తిండికేం చేస్తున్నావు?” అంది.

“తలా ఒకటీ తెస్తున్నారు. నిన్న పక్కింటి మార్లిస్ బంగాళదుంపలూ మాంసమూ కలిపి కాల్చి తెచ్చింది.”

“పైన కరకరలాడే పొర ఉందా?”

“ఉంది.”

ఆమె ఏడ్చేసింది. “ఇక్కడ ఆస్పత్రిలో బాగా చూశారు వెర్లిన్. ఇంటికొచ్చాక ఒక్కరూ తలుపు తట్టలేదు.”

“వచ్చేయవే,” అన్నాడు.

“గడ్డ మళ్ళీ వస్తే? మళ్ళీ సీసాయేనా?”

వెర్లిన్ గోడవైపు తిరిగున్న సీసాను చూశాడు. ఫోన్ నా చేతిలో పెట్టి, అరలోంచి ఆమె తాగే కాఫీపొడి పొట్లం తీసి, ఈసారి కొనుక్కుని వెళ్ళాడు.