నాన్న హార్మోనియానికి నేను పెట్టిన వంకలు

నాకు క్షయ అని తేలిన రోజు నుంచి మా అన్న నాతో గుమ్మం అవతలి నుంచే మాట్లాడేవాడు. మందులు పడ్డాయి, ఇక ఎవరికీ అంటదని డాక్టరు చెప్పాక కూడా వదిన నా కంచం, గ్లాసు విడిగానే పెట్టింది. అత్తగారింటివాళ్ళు అంతకుముందే "తగ్గినాక రా" అని ఆదోనిలో పుట్టింటి దగ్గర దించి వెళ్ళిపోయారు. బట్టల కొట్టులో పుట్టి పెరిగినదాన్ని. చినుగు పడ్డ చీరను వెనక వరసలోకి తోస్తారని నాకు తెలియదా? నన్నూ అక్కడికే తోశారు, కొట్టు వెనక గదిలోకి.

ఆ గదిలో నాన్న హార్మోనియం ఉండేది. బతికున్నన్నాళ్ళూ ఆయన పొద్దున కొట్టు తెరిచి, గద్దె మీద కూర్చుని కాసేపు దాన్ని వాయించాకే మొదటి బేరానికి నోరు విప్పేవాడు. ఎడమ చివర ఒక మెట్టు ఇరుక్కుపోయి, తిత్తి కదిపితే చాలు తనంతట తానే సన్నగా మోగేది. "ఉండనీ, అది నాకు శ్రుతి" అనేవాడు.

నాకు పాడే ఊపిరి లేదు. రోజూ ఓ అరగంట వాయిస్తే నా బదులు అది పాడేది. మాత్రల వికారం, వదిన విసుగు, అత్తగారింటి నుంచి రాని ఫోను, అన్నీ ఆ అరగంట మరిచిపోయేదాన్ని.

ఒక రోజు కళ్ళె పరీక్షకు ఇచ్చి వచ్చేసరికి హార్మోనియం లేదు.

"యాడ పెట్టినావన్నా?"

"ఎమ్మిగనూరు భజన పెద్దాయనకిచ్చినా. రోగమొచ్చినోళ్ళు పడుకోవాల. నువ్వీడ పాట పెట్టుకుంటే గిరాకీలు ఏమనుకుంటారు?"

"నాన్నదది."

"నాన్న పోయి ఎన్నేండ్లాయె. ఇంగా నాన్నదేంది?"

వాదిస్తే దగ్గొస్తుంది, దగ్గితే అన్న గెలుస్తాడు. మర్నాడు మాస్కు కట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను. దారంతా పళ్ళు నూరుతూ బేరం సిద్ధం చేసుకున్నాను.

పెద్దాయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. హార్మోనియం గోడ వారగా ఉంది, పైన పూలు. ఎత్తుకుని పరిగెత్తాలనిపించింది. కానీ కొట్టు బుద్ధి ఊరుకుంటుందా? కావాల్సిన సరుకు వైపు చూడకూడదు, ముందు వంక పెట్టాలి. పెట్టాను.

"తిత్తిలో గాలి నిలబడదు పెద్దాయనా. రెండు మెట్లు పలకవు. ఒకటి ఊరికే అరుస్తాంటాది. భజనలో మీ పరువే పోతాది. ఇట్లియ్యండి, మా ఇంట్ల ఒక మూల పడేస్తా."

ఈ నోటికి దిగిరాని కొట్టువాడు ఆదోనిలో లేడు. కానీ ఆయన కొట్టువాడు కాదు. విన్నది విన్నట్టు నమ్మేశాడు.

"అయ్యో తల్లీ, ఇంత సెడిపోయినదాన్ని ఆడబిడ్డ చేతిలో ఎట్ల పెడతానమ్మా? బాగు చేపిచ్చి ఇస్తా. వచ్చే శుక్రవారం రా."

వద్దనాలి. వద్దంటే అది నాకెంత కావాలో తెలిసిపోతుందే. "మీ ఇష్టం" అన్నాను, మహా తెలివైనదాన్ని.

శుక్రవారానికి తిత్తికి కొత్త తోలు పడింది. మెట్లన్నీ తెల్లగా తుడిచి ఉన్నాయి. తిత్తి కదిపాను. చప్పుడు లేదు.

"ఆ అరుపు పోగొట్టిచ్చినా" అన్నాడాయన సంబరంగా.

"నాకు కావాల్సింది అదే." బేరంలో నా జన్మకు మొదటిసారి నిజం చెప్పాను, అదీ సరుకు పోయాక.

ఆయన ముఖం వాడిపోయింది. "ఆ మాట ముందే సెప్పింటే మిస్త్రీని ముట్టుకోనిచ్చేవాణ్ణే గాదు గదమ్మా."

"మా ఇంట్ల ఆ అలవాటు లేదు పెద్దాయనా."

తనే బస్సు దాకా మోసుకొచ్చి నా ఒళ్ళో పెట్టాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని ఆదోని వచ్చేదాకా ప్రయత్నించాను. అది పోయి పోయి అన్న మీదా, తిరిగి నా మీదా పడింది.

మర్నాడు పొద్దున కొట్టు తెరవగానే గద్దె మధ్యలో కూర్చున్నాను. ఎడమ చివరి మెట్టును కిందికి నొక్కి, సందులో అగ్గిపుల్ల ఇరికించి తిత్తి కదిపాను. సన్నగా మోగింది.

"గిరాకీలొచ్చే యాళ. లోపలికి పో" అన్నాడు అన్న.

"పోను."

కాసేపు విన్నాడు. "సెడిపోయిందే అది."

"నేనే సెడగొట్టినా" అన్నాను, ఆపకుండా.