గేటు బయటి మహాప్రభువు

ఈమధ్య చొక్కా జేబులు లోతుగా కుట్టడం మానేశారు. కళ్ళజోడు జేబులో పెట్టుకుని వంగితే అది నాకంటే ముందు నేల చేరుతోంది. ఇలాంటి ఫిర్యాదులు నా దగ్గర ఇంకో పది ఉన్నాయి. అసలు సంగతి రాయకుండా ఉండటానికి బాగా పనికొస్తాయి.

అసలు సంగతి మూడు మాటలు. ఇరవై ఏళ్ళకి పైగా మోస్తున్నాను. మూడు మాటలకి అంత బరువేమిటని మీరు అడగొచ్చు. నేనూ అడుగుతూనే ఉన్నాను.

కాలేజీ రోజుల్లో, హిందీ మాట్లాడే మా ఉక్కు ఊళ్ళో, అగ్రికో కాలనీలో నా స్నేహితుడు రమణ వాళ్ళ క్వార్టర్లో కంప్యూటరు ఉండేది. వాళ్ళమ్మ పాత చీరతో దానికి గలేబు కుట్టింది. ఆ గలేబు తీసి, మడిచి, పక్కన పెట్టాకే స్విచ్చి వెయ్యాలి. అందులో దేవుళ్ళు రాజ్యాల కోసం కొట్టుకునే ఆట ఒకటి. ఒక్కో ఆటగాడికి ఒక్కో దేవుడు, ఆ దేవుడికి కంప్యూటరే ఇచ్చే బిరుదు. విచిత్రమైన బిరుదులు: ‘పొగమంచుకి పెద్దదిక్కు’, ‘మూడో తలుపు తండ్రి’. ఇంగ్లీషులో అక్షరాలు కూడా తప్పులే. వాటి జాబితా మామూలు ఫైలులో ఉందని కనిపెట్టాక నేను ఊరుకోలేదు. మా ఊరికి తగ్గట్టు మార్చాను. ‘సైరనుకి లేవని స్వామి’. ‘ఓవర్‌టైము వరదుడు’. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. రమణ కుర్చీలోంచి జారిపడేలా నవ్వేవాడు. అంత మంచి శ్రోత నాకు మళ్ళీ దొరకలేదు.

వాళ్ళ నాన్న ఉక్కు ప్లాంటులో ఫిట్టరు. నేను బాబాయ్ అనేవాణ్ణి. రోజూ పొద్దున్నే యూనిఫాం వేసుకుని సైకిలెక్కేవాడు. ఒకరోజు పదింటికి గోల్‌మురి బజారు వైపు వెళ్తూ ఆయన్ని చూశాను. ప్లాంటు గేటు ఎదురుగా టీ కొట్టు బల్ల మీద, బూట్లతో సహా, పేపరు చదువుతున్నాడు. మర్నాడూ అంతే. తర్వాత మా నాన్న మాటల్లో తెలిసింది, ఆయన ముందుగానే రిటైర్మెంటు తీసుకుని నాలుగు నెలలైందని. కంపెనీ పెట్టిన ఆ పథకంలో రిటైరైనా నెలనెలా జీతం వచ్చేది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన చెప్పలేదు.

నేనూ ఎవరికీ చెప్పలేదు. రాశానంతే. ‘గేటు బయటి మహాప్రభువు’. జాబితాలో చివర.

ఎందుకు రాశాను? ఆయన మీద కోపమా? లేదు. నవ్వొచ్చే మాట తోచింది. తోచిన మాటని వదులుకునే గుణం నాకు లేదు, దాని వెనకాల ఒక మనిషి రోజూ షిఫ్టు అయ్యేదాకా బల్ల మీద కూర్చుని దాచుకుంటున్న సిగ్గు ఉందని తెలిసి కూడా.

ఒక ఆదివారం మధ్యాహ్నం బాబాయ్ వచ్చి మా వెనక నిలబడ్డాడు. కంప్యూటరు సరిగ్గా ఆ బిరుదే ఇచ్చింది. ఆయన కూడబలుక్కుని చదివాడు.

“ఇదెవలు రాసినార్రా?”

“రమణే రాసేడు బాబాయ్,” అన్నాను.

రమణకి టీ కొట్టు సంగతి తెలీదు. మంచి బిరుదొకటి తనకి దానం చేశాననుకుని మురిసిపోయాడు. “మస్త్ హై నా, నానా?”

“బాగుందిరా,” అని ఆయన లోపలికి వెళ్ళాడు.

మర్నాడు సైకిలు తియ్యలేదు. రిటైర్మెంటు సంగతి ఇంట్లో పొడిగా చెప్పాడట. కొడుకు తనని కనిపెట్టేసి, స్నేహితుడి ముందు వెక్కిరించాడనుకుని ఉంటాడు. ఇంకేమనుకుంటాడు? ఆ తర్వాత రమణతో ఆయన మాటలు ‘అన్నం తిన్నావా’ దగ్గర ఆగిపోయాయి. నానకి నేనంటే ఎందుకు పడదురా అని రమణ ఏళ్ళ తరబడి నన్నే అడిగాడు. అడిగినప్పుడల్లా ఒక జోకు చెప్పాను. జోకులు బాగానే ఉండేవి. అదే దరిద్రం.

కిందటి నెల రమణ ఇంటికి వెళ్ళి మొత్తం చెప్పాను. ఈసారి జోకు లేకుండా. చెబుతుంటే గుండె కాస్త తేలికైన మాట నిజం. మీకు చెబుతున్నా అవుతోంది. అంతకుమించి ఆశించడానికి నాకు మొహం చెల్లదు. రమణ చేతిలో గ్లాసు కింద పెట్టాడు.

“నాకెందుకు చెప్తన్నావ్? నాన పక్క గదిలో ఉన్నాడు, ఎల్లి చెప్పు,” అన్నాడు.