నేను మార్చిన కబురు

మొన్న మా మనవరాలు విశాఖపట్నం నుంచి ఫోన్ చేసి, తానూ తన భర్తా ఎవరో కౌన్సెలింగ్ ఆవిడ దగ్గరకి వెళ్తున్నామనీ, ఒకరన్న మాట రెండోవారు తిరిగి చెప్పాకే జవాబివ్వాలని ఆవిడ నియమం పెట్టిందనీ, ఇదంతా కొత్త పద్ధతి అమ్మమ్మా అనీ చెప్పుకొచ్చింది. కొత్తా, నా మొహమా! ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, మా వసారాలోనే అది జరగగా కళ్ళారా చూసినదాన్ని.

అరవైల మొదటి రోజులవి. నాన్న బొగ్గింజను తోలే గూడ్స్ డ్రైవరు. నిమ్‌పురా యార్డు వైపు మా క్వార్టరు, ఆరేసిన బట్టల మీద పొద్దస్తమానం మసి రాలేది. అమ్మకీ నాన్నకీ ఏదో మాటపట్టింపు వచ్చి మాటలు ఆగిపోయాయి. దేనిమీదో నాకిప్పటికీ తెలీదు. ఆ రోజుల్లో మన ఇళ్ళల్లో ఇది వింతేమీ కాదని మీకూ తెలుసు. పెద్దవాళ్ళు పిల్లలతో చెప్పడం, పిల్లలు మోసుకెళ్ళడం. కూడు చల్లారిపోతోంది, తింటే తినమను లేకపోతే మానమను అని అమ్మ కసిరితే, అమ్మ భోజనానికి రమ్మంటోంది నాన్నా అనేదాన్ని. చేపకి ముళ్ళు తీసినట్టు మాటకి ముల్లు తీసి అందించడం నా గొప్పే అనుకునేదాన్ని, పాపిష్టిదాన్ని.

ఆ వానాకాలం ఆరునెలల మా తమ్ముడికి జలుబు చేసింది. ఒక పొద్దున్న వాడు డొక్కలెగరేస్తున్నాడు. ఆ సమయానికే, డ్రైవర్లని డ్యూటీకి పిలవడానికి ఇళ్ళకొచ్చే కాల్‌మేన్ వచ్చి నాన్న చేత పుస్తకంలో సంతకం పెట్టించుకుపోయాడు. అమ్మ పిల్లాణ్ణి భుజానేసుకుని నాతో చెప్పింది.

"పిల్లడి ఊపిరి బాగులేదు, ఎల్లొద్దని సెప్పు. ఎల్తే మరి ఈ గుమ్మం తొక్కక్కర్లేదని సెప్పు."

ఆ చివరి మాట వింటే నాన్న నిజంగానే మళ్ళీ రాడేమోనని భయపడి మొత్తం మింగేసి, అమ్మ వేగిరం వచ్చీమంది అన్నాను. ఉత్త జలుబే అనుకుని, సాయంత్రానికి వచ్చేస్తానని నాన్న వెళ్ళిపోయాడు. బండి దారిలో ఎక్కడో నిలిచిపోయింది. ఆయన మర్నాడు మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి తమ్ముడు లేడు.

ఆ తరవాత నా చేత కబుర్లు పంపడం కూడా మానేశారు. వద్దన్నా వెళ్ళిపోయాడని అమ్మ, పిల్లాడి సంగతి చెప్పకుండా దాచిందని నాన్న. నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నోరు తెరిస్తే ఏమైపోతుందోనని, యార్డులో వాగన్లు గుద్దుకున్న ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడేదాన్ని. అమ్మ పుట్టింటికి పోవడానికి ట్రంకు పెట్టెలో రోజుకో చీర సర్దుతోంది. నాన్న నిద్ర లేకుండానే ఇంజనెక్కుతున్నాడు.

వెనక వరుస క్వార్టర్లో, కొడుకు దగ్గర, రిటైరైన స్టేషన్ మాస్టర్ తాతగారు ఒకరు ఉండేవారు. నాన్నతో ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మేన్ ఆయన దగ్గరకి వెళ్ళి మొరపెట్టుకున్నాడట. సిగ్నల్ కనబడగానే డ్రైవరూ ఫైర్‌మేనూ ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి కదా, తాను రెండుసార్లు ఎరుపు అని అరిచినా నాన్న పలకలేదనీ, చివరికి భుజం పట్టి కుదిపితే గానీ బ్రేకు మీద చెయ్యి వెయ్యలేదనీ.

మర్నాడు తాతగారు వచ్చి మా వసారాలో రెండు పీటలు ఎదురెదురుగా వేయించారు. బండి పంపనా అని లైన్ క్లియర్ అడిగితే అవతలి స్టేషన్ మాస్టరు ఆ మాట పొల్లుపోకుండా తిరిగి చెప్పాకే కదా బండి కదిలేది, ఇక్కడా అంతే, ముందు తిరిగి చెప్పండి, జవాబు తరవాత అన్నారు.

"ఎల్లొద్దని కబురెట్టినాను. మీరెల్లిపోయినారు," అంది అమ్మ, నేలకేసి చూస్తూ.

"ఎల్లొద్దని కబురెట్టినావు..." నాన్న అక్కడ ఆగిపోయాడు. "ఎల్లొద్దనా?"

ఇద్దరూ తలుపు చాటునున్న నాకేసి తిరిగారు. నాన్న లేచాడు. తాతగారు చెయ్యి అడ్డం పెట్టి, దీని మాట కూడా విని తిరిగి చెప్పాలి అన్నారు. చెబితే మీరు విడిపోతారని భయమేసింది అన్నాను. అమ్మ ఆ మాట తిరిగి అనబోయి రెండుసార్లు సగంలో ఆగిపోయింది. మూడోసారికి పూర్తిగా అని, నన్ను ఒళ్ళోకి లాక్కుని బావురుమంది. నాన్న నిలబడ్డవాడు నిలబడ్డట్టే పీట మీద కూలబడ్డాడు.

"దీని నెత్తినెట్టింది మనమే," అన్నాడు.

తాతగారు ఆ తరవాత కూడా నాన్నకి సెలవు దొరికిన ప్రతిసారీ వచ్చి వాళ్ళని కూర్చోబెట్టేవారు. ఇల్లు నవ్వులతో నిండిపోయిందని అబద్ధం చెప్పను. ఉయ్యాల కొక్కెం దూలానికి అలాగే ఉండేది, దాని కింద నుంచి నేను నడిచేదాన్ని కాదు. కానీ అమ్మ చీరలు మళ్ళీ దండేనికి ఎక్కాయి, ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి దెబ్బలాడుకోవడం మొదలెట్టారు, నా చేత మరి ఒక్క కబురూ పంపలేదు. నాన్న మాత్రం, పోయేవరకూ, నేనేం చెప్పినా నా మాట తానొకసారి అని గానీ జవాబిచ్చేవాడు కాదు. ఈయనకి చెవుడేమోనని మావారు చాలాకాలం అనుకున్నారు. ఇప్పుడు నాకు జవాబులకి కరువు లేదు, నేను సగం చెప్పేసరికే వచ్చిపడతాయి. నా మాట నాకు తిరిగి చెప్పే మనిషి మాత్రం నాన్నతోనే పోయాడు.