బిజిలీ తల ఊపిన ఉదయం

1979 నవంబరులో నన్ను పశువైద్యాధికారిగా జంషెడ్‌పూర్‌కి బదిలీ చేశారు. అప్పటికింకా అది బీహారే. నా సర్వీసు రెండేళ్లు, ఆత్మవిశ్వాసం మాత్రం ఇరవయ్యేళ్లది. చేరిన నెలలోనే టాంగా గుర్రాల తనిఖీ వచ్చింది. గుర్రం పనికి తగినదని నేను సంతకం పెడితేనే ఆ టాంగాకి ఏడాది లైసెన్సు. 'అన్‌ఫిట్' అని రాస్తే బండి ఆగుతుంది. బండి లాగని గుర్రాన్ని కూర్చోబెట్టి మేపే స్తోమత ఎవరికీ ఉండదు గనక, అది చివరికి లైసెన్సు అక్కర్లేని ఇటుక బట్టీలవాళ్ల పాలవుతుంది.

తనిఖీ ఊళ్లోనే సోనారి అనే పేటలో ఒక మైదానంలో పెట్టాం. పళ్లు చూసి వయసు కట్టడం, పట్టీల ఒరిపిడికి పడిన పుళ్లు వెతకడం అయ్యాక అసలు పరీక్ష గట్టినేల మీద పరుగు. ముందుకాలు నొప్పిగా ఉంటే, అది నేలకి ఆనినప్పుడల్లా గుర్రం తల పైకెత్తుతుంది. దాన్ని దాచడానికి కొందరు యజమానులు పగ్గం బిగబట్టి తల కదలనివ్వరు. అందుకే యజమానిని సున్నం గీత వెనక నిలబెట్టి, ఆసుపత్రిలో కట్లు కట్టే మా డ్రెస్సరు పగ్గం వదులుగా పట్టుకుని పరిగెత్తించేవాడు. గీత వెనక నుంచి ఎవరూ నోరెత్తకూడదన్న నియమం మాత్రం నా సొంత కవిత్వం.

అప్పలస్వామిది శ్రీకాకుళం వైపు. టాటానగర్ స్టేషన్ దగ్గర టాంగా తోలేవాడు. అతని ఎర్రటి ఆడగుర్రం పేరు బిజిలీ. డ్రెస్సరు తీసుకెళుతుంటే అది మెడ తిప్పి తిప్పి అతనికోసం చూసింది. పరుగులో మాత్రం అదేపనిగా తల ఊపింది. ఇంకేముంది, 'కుడి ముందుకాలు కుంటు, అన్‌ఫిట్' అని రాసి అతనికి చీటీ ఇచ్చేశాను.

అతను కేకలు వేయలేదు. చీటీ పక్కవాడి చేత చదివించుకున్నాడు. పొద్దున్నే స్టేషన్ నుంచి కద్మా దాకా ప్రయాణికుణ్ణి దింపి వచ్చానని, గుర్రం కుంటితే ముందు తనకే తెలిసేదని అన్నాడు. ప్రతి టాంగావాలా ఈ మాటే చెబుతాడన్నాను. అతను సున్నం గీత దాటి వచ్చి, బిజిలీ నుదుటి మీద చెయ్యి వేశాడు.

"నడిపించకండి డాక్టరు బాబూ. ఊరికే నిలబెట్టి ఒకపాలి సూడండి."

నిలబెట్టాం. నాలుగు కాళ్లూ కదలకుండా నేలమీదే ఉన్నాయి. తల ఊగుతూనే ఉంది. నిలబడ్డ గుర్రం కుంటడమేమిటి?

"గోడవతల డోలు ఇనబడతందా? నా కాడికి రాకముందు ఇది పెళ్లిగుర్రం బాబూ. మేళం ఇంటే తలూపడం నేర్పీసినారు. ఇంటికాడ పళ్లెం వాయించినా ఊపుతాది."

గోడ అవతల ఒక బ్యాండు పార్టీ పెళ్లిళ్ల కోసం సాధన చేస్తోంది. ఆ డోలు గంట నుంచీ నా చెవిన పడుతూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. బిజిలీ అడుగు కూడా ఆ దరువుకే కలిపింది. కుంటడం కాదు, నాట్యం చేస్తోందని వరసలో ఎవరో హిందీలో నవ్వారు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నది నాలాంటివాణ్ని చూసే అని ఉంటారు.

మనిషిని పంపి వాయిద్యం ఆపించి, మళ్లీ పరిగెత్తించాను. పగ్గం వదులుగానే ఉంది. బిజిలీ మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి దూసుకుపోయింది. తల ఊగలేదు, వెనక్కి వచ్చేటప్పుడూ అంతే. టాంగావాలాలందరూ చప్పట్లు కొట్టారు. నేను రాసినదాన్ని కొట్టేసి 'ఫిట్' అని రాశాను. తప్పు నాదని అందరి ముందూ ఒప్పుకున్నాను.

డోలు మళ్లీ మొదలయింది. అప్పలస్వామి టాంగా ఎక్కి, కావాలనే ఆ బ్యాండు ముందు నుంచి తోలుకుపోయాడు. బిజిలీ దర్జాగా తల ఊపుతూ వెళుతుంటే నా ఒళ్లు పులకరించింది. ఓడిపోయి అంత సంతోషించడం నాకదే మొదటిసారి.

తర్వాత రిటైరయ్యేదాకా ఎన్నో తనిఖీలు చేశాను. గీత అలాగే ఉంచాను, నోరెత్తకూడదన్న నా సొంత నియమాన్ని మాత్రం ఆ రోజే తీసేశాను. పరీక్ష చేసేవాడు యజమాని చేతిలోంచి పగ్గం తీసుకోవాలి గానీ, అతని నోరు కట్టకూడదు.